ట్యాంకులో నీళ్లు చేరినా, పెట్రోల్ పాతబడినా: కారు ట్యాంక్ ఖాళీ చేసే పద్ధతి

బంకులో పెట్రోల్ కొట్టించుకుని ఒకటి రెండు కిలోమీటర్లు వెళ్లేసరికి ఇంజన్ మిస్సింగ్ కొట్టి ఆగిపోయిందంటే ముందుగా అనుమానించాల్సింది ట్యాంకులో నీళ్లనే. వరదనీళ్లు సీటు దాకా వచ్చిన కారుదీ ఇదే సమస్య. ఏడాదిగా కవర్ కప్పి ఉంచిన కారుకూ, పెట్రోల్ బండిలో పొరపాటున డీజిల్ పోయించుకున్న వారికీ చేయాల్సిన పని ఇంచుమించు ఒకటే: ట్యాంక్ పూర్తిగా ఖాళీ చేసి, అడుగు తుడిచి, కొత్త పెట్రోల్ పోయాలి. పని పెద్ద కష్టం కాదు. కానీ తప్పుగా చేస్తే కారుతో పాటు మనిషీ కాలిపోయే పని. అందుకే పద్ధతి ఎంత వివరంగా ఉందో, జాగ్రత్త కూడా ఇక్కడ అంత వివరంగా ఉంది.

ఇందులో చెప్పేది మామూలు పెట్రోల్ ఇంజెక్షన్ కార్ల గురించి. మన రోడ్ల మీద తిరిగే చిన్న కార్లలో ఎక్కువ భాగం ఇవే. వీటి ఇంధన లైనులో ఒత్తిడి 3 నుంచి 4 బార్ ఉంటుంది. టర్బో డైరెక్ట్ ఇంజెక్షన్ బండ్లలో ఇంజన్ దగ్గరి పైపుల్లో అది 150 బార్ దాటుతుంది. ఆ వైపు పైపులు ఇంట్లో విప్పకండి. ట్యాంకు వైపు పని మాత్రం రెండింటికీ ఒకలాగే ఉంటుంది.

ముందు సెల్ఫ్ కొట్టడం ఆపండి

బండి ఆగిపోగానే చేసే తప్పు ఇదే. స్టార్ట్ కావడం లేదని పదే పదే సెల్ఫ్ కొడతారు. కొట్టిన ప్రతిసారీ పంపు ట్యాంకు అడుగున ఉన్నదాన్ని లాగి లైనులోకి, అక్కడి నుంచి ఇంజన్‌లోకి పెట్రోల్ చిమ్మే ఇంజెక్టర్లలోకి పంపుతుంది. నీళ్లు ఇంజెక్టర్లో రెండు మూడు రోజులు నిలిచినా లోపల తుప్పు మొదలవుతుంది. పైగా సిలిండర్లో మండకుండా బయటపడిన పెట్రోల్ సైలెన్సర్ లైనులో పొగను శుద్ధి చేసే క్యాటలిటిక్ కన్వర్టర్‌లోకి చేరుతుంది. తర్వాత ఇంజన్ అందుకున్నప్పుడు ఆ పెట్రోల్ అక్కడ మండి, కన్వర్టర్ లోపలి జల్లెడను కరిగించేస్తుంది. ట్యాంక్ కడగడానికి అయ్యే ఖర్చుకు కన్వర్టర్ ఖర్చు ఎన్నో రెట్లు.

తప్పు ఇంధనం పోశారని బంకులోనే గమనిస్తే తాళం ‘ఆన్’ దాకా కూడా తిప్పకండి. ఆన్ చేయగానే పంపు రెండు మూడు సెకన్లు తిరిగి లైను నింపుతుంది. కొన్ని కార్లలో డ్రైవర్ డోర్ తీసినా తిరుగుతుంది. న్యూట్రల్‌లో పెట్టి పక్కకు నెట్టించుకోండి. ఈ దశలో ఆపగలిగితే ట్యాంక్ ఒక్కటీ ఖాళీ చేస్తే చాలు, లైను, ఇంజెక్టర్లు, ప్లగ్గుల జోలికి వెళ్లే పని ఉండదు.

ట్యాంకులో ఏముందో తేల్చుకోవడం

ఇప్పుడు మన బంకుల్లో దొరికే పెట్రోల్లో 20 శాతం ఇథనాల్ ఉంటోంది. ఇథనాల్‌కు నీళ్లంటే మహా ప్రీతి, కొంతవరకు తనలో కలిపేసుకుంటుంది. 10 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్ మామూలు వాతావరణంలో సుమారు అర శాతం నీటిని ఇముడ్చుకోగలదు. 37 లీటర్ల ట్యాంకులో అంటే ఒక గ్లాసుడు నీళ్లు. 20 శాతం ఉన్నది అంతకన్నా ఎక్కువే ఇముడ్చుకుంటుంది. ఆ హద్దు దాటితే మాత్రం పాలు విరిగినట్టు విరుగుతుంది. ఇథనాల్ పెట్రోల్‌ను వదిలి నీళ్లతో జతకట్టి అడుక్కి దిగిపోతుంది. పైన మిగిలిన పెట్రోల్‌కు ఆక్టేన్ (వేళకు ముందే అంటుకోకుండా ఉండే గుణం) తగ్గి ఇంజన్ టకటకమని కొట్టుకుంటుంది. పంపు నోరు ఉండేది అడుగునే కాబట్టి ఇంజన్‌కు మొదట అందేది ఆ నీళ్ల పొరే.

ఉష్ణోగ్రత తగ్గితే ఈ ఇముడ్చుకునే శక్తీ తగ్గుతుంది. మధ్యాహ్నం బాగానే నడిచిన బండి డిసెంబర్ తెల్లవారుజామున మొరాయించడానికి ఇదొక కారణం కావచ్చు. ఒకసారి విరిగిన పెట్రోల్ మీద కొత్తది పోసి, బండిని ఊపి కలిపేద్దామనుకుంటే కుదరదు. దాన్ని తీసేయాల్సిందే.

నమూనా ట్యాంకు అడుగు నుంచే తీయాలి (తీసే దారులూ జాగ్రత్తలూ కింద ఉన్నాయి, ముందు అవి చదవండి), పైనుంచి తీస్తే బాగానే కనిపించి మోసం చేస్తుంది. అర లీటరు పట్టే తెల్ల గాజు సీసాలో పట్టి అరగంట కదపకుండా ఉంచండి. నీళ్లుంటే అడుగున గీత గీసినట్టు మరో పొర కనిపిస్తుంది. గీత సరిగా కనిపించకపోతే ఫౌంటెన్ పెన్ను సిరా ఒక చుక్క వేసి చూడండి. నీళ్ల పొర లేకపోతే సిరా చుక్క పెట్రోల్లో పూసలా దిగి అడుగున గుండ్రంగా కూర్చుంటుంది. నీళ్ల పొర ఉంటే దాన్ని తాకగానే విచ్చుకుని పొర మొత్తం నీలంగా మారుతుంది.

డీజిల్ కలిసిందేమో తెలియాలంటే తెల్ల ఫిల్టర్ కాగితం మీద ఒక చుక్క వేయండి. శుభ్రమైన పెట్రోల్ ఒకటి రెండు నిమిషాల్లో మరక లేకుండా ఆరిపోతుంది. డీజిల్, కిరోసిన్ ఉంటే నూనె మరక మిగులుతుంది. ఈ కాగితం బంకులోనూ అడిగి తీసుకోవచ్చు, ఇవ్వాల్సిన బాధ్యత వాళ్లది. పాతబడిన పెట్రోల్‌ను మాత్రం ముక్కే పట్టేస్తుంది. ఘాటు పోయి, పాత పెయింటు డబ్బా మూత తీసినట్టు పుల్లగా వాసన వస్తుంది, రంగు ముదురు తేనెలా మారుతుంది. మూసి ఉన్న ట్యాంకులో మూడు నెలల దాకా పెట్రోల్ గురించి బెంగ అక్కర్లేదు. ఆరు నెలలు దాటితే నమూనా చూడండి. ఏడాది దాటితే చూడకుండానే తీసేయడం మేలు.

అంటుకునేది పెట్రోల్ కాదు, దాని ఆవిరి

ఈ ఒక్కటి అర్థమైతే మిగతా జాగ్రత్తలన్నీ వాటంతటవే తెలుస్తాయి. పెట్రోల్ సున్నాకు 40 డిగ్రీలు తక్కువ చలిలోనూ మండేంత ఆవిరి వదులుతుంది. మన ఎండల్లో ఎంత వదులుతుందో ఊహించుకోండి. ఆవిరి గాలి కన్నా మూడు నాలుగు రెట్లు బరువు, కాబట్టి పైకి పోదు. నేల మీద నీళ్లలా పారుతూ పల్లం వెతుక్కుంటుంది. గాలిలో సుమారు ఒకటిన్నర నుంచి ఏడున్నర శాతం మధ్య ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ఆవిరి మరీ చిక్కగా ఉండి నిప్పు తగిలినా లోపల మండే వీలు తక్కువ. ఖాళీ చేసి మూత తెరిచిన ట్యాంకులోకి గాలి చొరబడి సరిగ్గా ఆ ప్రమాదకరమైన పాళ్లకు చేరుతుంది. పెట్రోల్ తీసేశాం కదా, ఇక భయం లేదనుకునే ఘడియే అన్నిటికన్నా ప్రమాదం. ఖాళీ ట్యాంకుకు వెల్డింగ్ పెట్టి ప్రాణాలు పోగొట్టుకోవడం వెనక ఉన్న సంగతి ఇదే.

కాబట్టి అపార్ట్‌మెంట్ సెల్లార్లో ఈ పని ఎట్టి పరిస్థితుల్లోనూ చేయకూడదు. సెల్లార్ అంటే ఆవిరికి గిన్నె లాంటిది. ఇంటి పోర్టికో కూడా వద్దు. ఆరుబయట, గాలి ఆడే చోట, మురికి కాలువకూ బోరు మోటారు స్టార్టర్‌కూ కనీసం 15 మీటర్ల దూరంలో, చదునుగా ఉన్న నేల మీద బండి నిలపండి. వేసవిలో అయితే పొద్దున్నే, నేల చల్లగా ఉన్నప్పుడే మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు ముగించండి. వెలుతురులోనే చేయాలి. రాత్రిపూట బల్బు వేలాడదీసి చేసే పని కాదిది.

నిప్పు అంటే అగ్గిపుల్ల ఒక్కటే కాదు. తులసికోట దగ్గరి దీపం, వంటింటి పొయ్యి, గ్యాస్ గీజర్, ఫ్రిజ్ థర్మోస్టాట్, సెల్‌ఫోన్ ఛార్జర్, దోమల బ్యాట్ ఇవన్నీ నిప్పే. దోమల బ్యాట్ చేసే పనే నిప్పురవ్వ పుట్టించడం, దాన్ని ఆ దరిదాపుల్లో ఉంచకండి. ఫోను మరొకరికిచ్చి దూరంగా పంపండి. నూలు బట్టలు వేసుకోండి. పాలిస్టర్ చొక్కాతో సీటు మీద రాసుకుంటే ఒంటికి విద్యుత్తు పడుతుంది. పని మొదలుపెట్టే ముందూ, సీటు మీద నుంచి లేచిన ప్రతిసారీ, ట్యాంకుకు దూరంగా కారు బాడీలో రంగు లేని ఇనుమును ఒకసారి చేత్తో ముట్టుకోండి.

మంటలు ఆర్పే ఏబీసీ డ్రై పౌడర్ సిలిండర్ కనీసం 4 కిలోలది ఒకటి, పొడి ఇసుక బకెట్లు రెండు పక్కన ఉండాలి. నీళ్లు పోస్తే మండే పెట్రోల్ తేలి మరింత దూరం పాకుతుంది. సిలిండర్ పట్టుకుని, గాలి ఎటు నుంచి వీస్తోందో అటువైపు నిలబడడానికే ఒక మనిషి ఉండాలి. ఆ మనిషికి మరో పని చెప్పకండి, స్పానర్ అందించమని కూడా అడగకండి.

పాత్రల సంగతి. నీళ్ల బాటిళ్లు, పెయింటు బకెట్లు, నూనె డబ్బాలు వాడకండి. 1934 నాటి పెట్రోలియం చట్టం ప్రకారం లైసెన్సు లేకుండా అమ్మకానికి కాని పెట్రోల్‌ను ఒక మనిషి 30 లీటర్ల దాకానే దగ్గర ఉంచుకోవచ్చు. అది కూడా గట్టి మూత ఉన్న పాత్రల్లో, ఇనుప క్యాన్ అయితే 25 లీటర్లకు, గాజుసీసా అయితే ఒక లీటరుకు మించకుండా ఉండాలి. 20 లీటర్ల జెర్రీ క్యాన్ ఒకటి, 10 లీటర్లది ఒకటి సరిపోతాయి. ట్యాంకులో అంతకన్నా ఎక్కువ ఉంటే, ఉదాహరణకు 37 లీటర్ల స్విఫ్ట్ ట్యాంక్ నిండా నీళ్లు కలిసిన పెట్రోల్ ఉంటే, ఆ పని ఇంట్లో పెట్టుకోకండి, వర్క్‌షాపుకు లాగించండి. క్యాన్ నేల మీదే ఉండాలి, కారు డిక్కీలోనో ప్లాస్టిక్ స్టూలు మీదనో పెట్టి నింపకూడదు. కారు బాడీకీ క్యాన్‌కూ మధ్య రెండు చివర్లా క్లిప్పులున్న రాగి వైరు కట్టండి, రెండింటి మధ్య రవ్వ ఎగరకుండా. క్యాన్‌ను నిండా నింపకుండా పదో వంతు ఖాళీ వదలండి. ఎండలో పెట్రోల్ ఉబ్బుతుంది.

నోటితో పీల్చడం వద్దు

రబ్బరు పైపు పెట్టి నోటితో పీల్చి తీయడం షెడ్లలో ఇంకా కనిపిస్తూనే ఉంది. పెట్రోల్ కడుపులోకి పోతే ఒక బాధ. ఊపిరితిత్తుల్లోకి ఒక చుక్క జారినా అంతకన్నా పెద్ద ప్రమాదం. పలచగా ఉండడంతో ఊపిరి గొట్టాల్లో వేగంగా పాకి న్యుమోనియా తెస్తుంది. ఎవరైనా మింగితే వాంతి చేయించకండి, వాంతి అవుతున్నప్పుడే అది ఊపిరితిత్తుల్లోకి జారుతుంది. ఉప్పునీళ్లూ పాలూ పట్టకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఎలాగూ కొత్త కార్లలో పెట్రోల్ పోసే గొట్టంలోనే అడ్డు వాల్వు ఉంటుంది, పైపు అడుగు దాకా దిగదు. బలవంతంగా తోస్తే పైపు లోపల ఇరుక్కుంటుంది, లాగితే వాల్వు ఊడి ట్యాంకులో పడుతుంది.

ఎటు నుంచి తీయాలి

మూడు దారులున్నాయి. పాత ఇనుప ట్యాంకుల్లో కొన్నింటికి అడుగున డ్రెయిన్ బోల్టు ఉంటుంది. ఉంటే అదే అన్నిటికన్నా సులువు. కొత్త వాషర్ కొని దగ్గర పెట్టుకుని, బోల్టు కింద క్యాన్, గరాటు ఉంచి విప్పండి. ప్లాస్టిక్ ట్యాంకుల్లో సాధారణంగా ఇది ఉండదు.

రెండోది, బండి పంపుతోనే బయటకు తోయించడం. ఇంజన్ దగ్గర పెట్రోల్ పైపు జాయింటు విడదీసి, 8 ఎం.ఎం. ఫ్యూయల్ హోస్ తొడిగి, దాన్ని ఇంజన్‌కు 3 మీటర్ల దూరంలో ఉన్న క్యాన్‌లో పెడతారు. తర్వాత పంపుకు కరెంటు కలిపే రిలే తీసి, ఆ సాకెట్లో 30, 87 నంబర్ల కాళ్లను ఫ్యూజు ఉన్న వైరుతో కలుపుతారు. తప్పు ఇంధనం పడిందే తప్ప మురికి లేనప్పుడు ఇది బాగుంటుంది. ఇంజన్ పూర్తిగా చల్లారి ఉండాలి, సైలెన్సర్ గొట్టాలు అక్కడే ఉంటాయి. ధార తెగి బుడగలు రాగానే పంపు ఆపాలి. పంపును చల్లబరిచేదీ దానికి కందెనా పెట్రోలే, ఖాళీగా తిరిగితే కాలిపోతుంది. ఈ పద్ధతిలో ట్యాంకు అడుగున ఒకటి రెండు లీటర్లు మిగిలిపోతాయి. నీళ్లు ఉండేది ఆ మిగిలిన దాంట్లోనే. అందుకే నీళ్ల కేసులో, వరద కేసులో దీన్ని నమ్మకండి.

మూడోది వెనక సీటు కింద నుంచి పంపు బయటకు తీయడం. నీళ్లకు ఇదే సరైన దారి, ఎందుకంటే అడుగు కళ్లారా చూసి తుడవగలిగేది దీంతోనే. సీటు కింద మూత లేని మోడళ్లూ ఉన్నాయి. వాటిలో ట్యాంకు దించాల్సిందే, దానికి లిఫ్టు ఉన్న వర్క్‌షాపు కావాలి. రెండు జాకీల మీద ట్యాంకు దించే సాహసం చేయకండి.

పంపు తీసి ఖాళీ చేయడం

ముందు లైనులో ఒత్తిడి దించాలి. ఫ్యూజు బాక్సు మూత మీద బొమ్మ చూసి ఫ్యూయల్ పంపు ఫ్యూజు తీయండి. ఇంజన్ స్టార్ట్ అయితే దానంతట అదే ఆగేదాకా నడవనివ్వండి. అవకపోతే మూడు సెకన్ల చొప్పున రెండుసార్లు సెల్ఫ్ కొట్టండి, పంపు ఆగి ఉంది కాబట్టి లైనులో మిగిలినదే ఖర్చవుతుంది. డీజిల్ పడిన బండిని అసలు స్టార్ట్ చేయకుండా ఆపి ఉంటే సెల్ఫ్ కూడా వద్దు. ఒక రాత్రి వదిలేసి, పైపు విప్పేటప్పుడు గుడ్డ చుడితే చాలు. ఆ తర్వాత బ్యాటరీ నెగటివ్ టెర్మినల్ తీసి పక్కకు కట్టేయండి. టెర్మినల్ తీసేటప్పుడు వచ్చే చిన్న రవ్వ ఇప్పుడు రావాలి, ట్యాంకు తెరిచాక కాదు. డోర్ తీయగానే వెలిగే లైటు బాధా దీంతో తప్పుతుంది.

నాలుగు డోర్లూ, డిక్కీ తెరిచి ఉంచండి. వెనక సీటు ముందు అంచును రెండు చేతులతో పైకి లాగితే చాలా మోడళ్లలో క్లిప్పులు వదిలేస్తాయి, కొన్నింటికి బోల్టులుంటాయి. కార్పెట్ తొలగిస్తే గుండ్రటి మూత కనిపిస్తుంది. దాన్ని తీశాక తొందరపడకండి. పంపు చుట్టూ ఏళ్ల తరబడి పేరుకున్న దుమ్ము ఉంటుంది, తడి గుడ్డతో, పాత టూత్‌బ్రష్‌తో, పంపును పట్టి ఉంచే లాక్ రింగు గాడుల్లోంచి కూడా శుభ్రంగా తీయండి. మూత తెరిచాక లోపల పడే ఇసుక మొత్తం పంపు జాలిలోకే పోతుంది. పంపు ఏ దిక్కుకు ఉందో మార్కర్‌తో ట్యాంకు మీదా దాని మీదా కలిపి ఒక గీత పెట్టండి.

కరెంటు సాకెట్ తీసి, పైపు జాయింటుకు గుడ్డ చుట్టి, రెండు వైపులా నొక్కి నెమ్మదిగా లాగండి. కొద్దిగా పెట్రోల్ చిమ్ముతుంది, కళ్లద్దాలు, నైట్రైల్ గ్లౌజులు వేసుకునే ఉండాలి. లాక్ రింగు తిప్పడానికి ఇనుప స్క్రూడ్రైవర్, సుత్తి వాడకండి, రవ్వ వస్తుంది, ప్లాస్టిక్ గాడులూ విరుగుతాయి. దాని కోసమే అమ్మే రింగు టూలు కొనండి, లేదా ఇత్తడి కడ్డీ పెట్టి చెక్క సుత్తితో గాడి తర్వాత గాడిని అపసవ్య దిశలో కొద్దికొద్దిగా తట్టండి.

రింగు వదలగానే లోపలి స్ప్రింగు పంపును కొంచెం పైకి నెడుతుంది. నిట్టనిలువుగా లాగకండి. పక్కన తేలే ఫ్లోటు కడ్డీ ట్యాంకు అంచుకు తగిలి వంగితే పెట్రోల్ ముల్లు ఇక ఎప్పటికీ తప్పే చూపిస్తుంది. సగం పైకి వచ్చాక ఒక్క క్షణం ఆపి, పంపు కింది గిన్నెలో నిలిచిన పెట్రోల్‌ను ట్యాంకులోకే ఒంపేసి, ఫ్లోటు ఉన్న వైపు వాల్చి బయటకు తీయండి. ఇనుప ట్రేలో పెట్టి కారుకు దూరంగా ఉంచండి. ఈ దశ నుంచి మీ ముఖం ఆ రంధ్రం మీదకు వంచకండి. తల తిరిగినట్టుంటే వెంటనే బయటికి వచ్చి గాలి పీల్చుకోండి.

తీయడానికి పెట్రోల్‌కు పనికొచ్చే చేతి పంపు వాడండి. బ్యాటరీతో, 12 వోల్టులతో తిరిగే చౌక నీళ్ల పంపులు, డ్రిల్లుకు తగిలించే పంపులు వద్దు, వాటి మోటారు బ్రష్‌లు రవ్వలు కొడుతూనే ఉంటాయి. వాక్యూమ్ క్లీనర్ సంగతి చెప్పనే అక్కర్లేదు. పైపు చివర క్యాన్ అడుగును తాకాలి, పైనుంచి ధార పడితే ఆవిరీ విద్యుత్తూ రెండూ పెరుగుతాయి. మొదటి లీటరు గాజు సీసాలో విడిగా పట్టి మూత బిగించి ఉంచండి, దాని అవసరం తర్వాత వస్తుంది.

చేతి పంపు బుడగలు పీల్చడం మొదలయ్యాక అడుగున పావు లీటరో అర లీటరో మిగులుతుంది. ఈ ఆఖరు పావు లీటరు కోసమే ఇంత పనీ. పక్కవాటంగా వచ్చే పగటి వెలుతురులో చూస్తే, నల్లటి ప్లాస్టిక్ అడుగున పెట్రోల్ కింద నీళ్లు తామరాకు మీద బొట్లలా అటూ ఇటూ దొర్లుతుంటాయి. ఇథనాల్‌తో కలిసిపోయినవైతే బొట్లుగా కాక, అంచు కదులుతూ మసకగా ఒక పొర కనిపిస్తుంది. 50 మి.లీ. సిరంజికి సన్నని పైపు తగిలించి వాటి వెంటపడి లాగేయండి. తర్వాత పీచు రాని నూలు గుడ్డను చెక్క పుల్లకు గట్టిగా కట్టి మూలలన్నీ తుడవండి. గట్టిగా అంటే లాగినా ఊడనంత గట్టిగా. గుడ్డ లోపల పడితే మళ్లీ మొదటికొచ్చినట్టే. ట్యాంకు జీను ఆకారంలో రెండు గదులుగా ఉంటే రెండో గదిలోనూ అంతే పని ఉంటుంది, అటువైపు మరో మూత వెతకండి.

వరద బండిలో బురద ఉంటుంది. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు పొంగినప్పుడు విజయవాడలో మునిగిన కార్ల లాంటి వాటిలో నీళ్లతో పాటు సన్నటి ఒండ్రు కూడా ట్యాంకు గాలి గొట్టం గుండా దిగి ఉండొచ్చు. రెండు లీటర్ల కొత్త పెట్రోల్ పోసి, చెక్క పుల్లకు కట్టిన గుడ్డతో కలియదిప్పి మళ్లీ తీయండి. తీసినది సీసాలో తేటగా నిలిచేదాకా ఈ కడుగుడు చేయాలి. నీళ్లతో కడగకండి, కంప్రెసర్ గాలి కొట్టకండి.

తిరిగి బిగించి స్టార్ట్ చేయడం

పంపు అడుగున ఉన్న జాలి గోధుమ రంగుకు తిరిగినా, జిగురు పట్టినా మార్చేయండి. విడిగా ఫిల్టర్ ఉన్న బండి అయితే అదీ మార్చాలి. పంపు కింద కారకుండా ఆపే రబ్బరు ఓ-రింగు మాత్రం ఎలా కనిపించినా కొత్తదే వేయాలి. పాతది పెట్రోల్లో ఉబ్బి గాడిలో కూర్చోదు. కూర్చున్నట్టే అనిపించి, నాలుగు రోజుల తర్వాత వెనక సీటులో పిల్లలు పెట్రోల్ వాసన వస్తోందని చెబుతారు. కొత్త రింగును ఆయిల్, గ్రీజు లేకుండా గాడిలో పెట్టి, మార్కు గీతలు కలిపి పంపు దించండి. పైనుంచి అరచేత్తో సమంగా నొక్కి పట్టి లాక్ రింగు తిప్పాలి. పైపు జాయింటు ‘టిక్’ మనాలి. టిక్ మన్నాక ఒకసారి వెనక్కి లాగి చూడండి.

ఐదు నుంచి పది లీటర్ల కొత్త పెట్రోల్ పోయండి, ఫుల్ ట్యాంక్ వద్దు. ఎక్కడైనా కారితే మళ్లీ తీయాల్సిన పని తక్కువవుతుంది. కార్లో వాసన పూర్తిగా పోయాక ఫ్యూజు, తర్వాత బ్యాటరీ పెట్టండి. తాళం ఆన్ చేసి మూడు సెకన్లు ఆగి ఆఫ్ చేయండి, ఇలా ఐదారు సార్లు. ప్రతిసారీ వెనక నుంచి సన్నగా పంపు రొద వినిపించాలి. రింగు చుట్టూ, జాయింటు దగ్గర వేలితో తడిమి, తడి లేదని తేల్చుకున్నాకే సెల్ఫ్ కొట్టండి. ఒక్కోసారి పది సెకన్లకు మించకుండా, మధ్యలో అర నిమిషం విరామం ఇవ్వండి. సీటు, మూత చివరగా బిగించండి. పది నిమిషాలు ఇంజన్ నడిచి మళ్లీ ఆ చోటు పొడిగా ఉందని చూశాకే.

మొదటి రెండు మూడు నిమిషాలు మిస్సింగ్ ఉంటే కంగారు పడకండి, లైనులో మిగిలినది పోవాలి. ఆ తర్వాతా ఉంటే ప్లగ్గులు తీసి చూడండి, డీజిల్ పడిన బండిలో అవి నల్లగా నూనె పట్టి ఉంటాయి. కారు కంప్యూటర్లోని లోపాల కోడ్లు చదివే ఓబీడీ స్కానర్లో పి0300 వస్తే మిస్సింగ్, పి0171 వస్తే పెట్రోల్ తక్కువ అందుతోంది, పి0087 వస్తే లైను ఒత్తిడి తక్కువ. చివరి రెండూ కలిసి వస్తే జాలినో, పూర్తిగా కూర్చోని జాయింటునో అనుమానించండి. బండి బాగా నడుస్తూ ముల్లు మాత్రం కదలకపోతే ఫ్లోటు కడ్డీ ఎక్కడో తగులుతోంది.

తీసిన పెట్రోల్ ఏం చేయాలి

కాలువలో పోయకండి. ఆవిరి డ్రైనేజీ గొట్టాల వెంట పారి ఎక్కడో మరొకరి ఇంట్లో అంటుకుంటుంది. నేల మీద పోస్తే బోరు నీళ్లు పాడవుతాయి. చెత్త తగలబెట్టడానికి, పొయ్యి రాజేయడానికి అసలు వద్దు. పాతబడిందే తప్ప నీళ్లూ డీజిలూ లేనిదైతే, పది లీటర్ల కొత్త పెట్రోల్‌కు ఒక లీటరు చొప్పున కలిపి వాడేయవచ్చు. కలుషితమైనదాన్ని మూత బిగించిన క్యాన్‌లోనే పెద్ద వర్క్‌షాపుకు ఇవ్వండి, వాడేసిన ఆయిల్‌తో పాటు అనుమతి ఉన్న రీసైక్లర్లకు పంపే ఏర్పాటు వాళ్లకుంటుంది. తుడిచిన గుడ్డలు ఆరుబయట విడివిడిగా పరిచి ఆరనివ్వండి, ఉండ చుట్టి మూల పడేయకండి.

బంకు పెట్రోల్ మీద అనుమానం ఉంటే ఆ మొదటి లీటరు సీసా ఇప్పుడు పనికొస్తుంది. దాని మీద తేదీ, సమయం రాసి, బిల్లుతో కలిపి ఉంచండి. బంకులో డెన్సిటీ (సాంద్రత) రిజిస్టరు చూపమని అడగండి, మన ఎదుటే నమూనా తీసి డెన్సిటీ కొలవమనవచ్చు. వాటర్ ఫైండింగ్ పేస్టు రాసిన కడ్డీని భూమిలోని ట్యాంకులోకి దించి చూపమనండి. నీళ్లుంటే పేస్టు రంగు మారుతుంది. ఫిర్యాదు ఆ ఆయిల్ కంపెనీకి, పౌరసరఫరాల అధికారులకు ఇవ్వవచ్చు. వినియోగదారుల హెల్ప్‌లైన్ నంబరు 1915.

సీఎన్‌జీ బండ్ల వారికి ఒక మాట. గ్యాస్ మీదే తిరుగుతూ ట్యాంకులో మూడు నాలుగు లీటర్ల పెట్రోల్‌ను నెలల తరబడి అలాగే ఉంచేస్తారు. ఖాళీ జాగా ఎంత ఎక్కువ ఉంటే రాత్రి చల్లదనానికి లోపలి గోడల మీద చేరే చెమ్మ అంత ఎక్కువ, పెట్రోల్ అంత త్వరగా పాడవుతుంది. తగినంత పెట్రోల్లో మునగని పంపుకూ ఆయుష్షు తగ్గుతుంది. కనీసం పావు ట్యాంకు ఉంచుతూ, వారానికి పది పదిహేను కిలోమీటర్లు పెట్రోల్ మీద నడిపితే ట్యాంకు దింపే పని రాదు.

డీజిల్ కారులో పెట్రోల్ పోసిన వారు మాత్రం ఈ పద్ధతితో సరిపెట్టుకోకండి. అక్కడ హై ప్రెషర్ పంపుకు డీజిలే కందెన. పెట్రోల్ దాన్ని కడిగేస్తే లోపల ఇనుము ఇనుముతో రాసుకుని ఆ రజను ఇంజెక్టర్ల దాకా పోతుంది. తాళం తిప్పకముందే ఆపితే ట్యాంకు ఖాళీ చేసి, ఫిల్టర్ మార్చితే సరిపోతుంది. నడిచి ఉంటే పంపు, ఇంజెక్టర్లకు డీజిల్ పంచే రెయిలు విప్పి రజను ఉందో లేదో చూడగల డీజిల్ ల్యాబుకే లాగించండి.